బొమ్మ బతికింది

మార్చి 3

గడుగ్గాయీ,

ఉత్తరాలు రాసుకుందామంటే నవ్వావు. నవ్వుకో. ఫోన్లో నా మాట సగంలో ఉండగానే నీ జవాబు వచ్చేస్తుంది. కాగితం మీదైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి. పైగా నా ఫోన్ సంగతి నీకు తెలుసు కదా, మీటలు నొక్కే డబ్బా. నీ బొమ్మలూ రీళ్ళూ అందులో కనపడవు.

షాపు ఎలా ఉందన్నావు. ఈ వారం వచ్చినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెడితే వేళ్ళు మిగిలాయి. ఒకాయన కన్ను ఊడిన ఎలుగుబంటిని తెచ్చి, ఎంతవుతుందని అడిగి, కొత్తదే చవకని గొణుక్కుంటూ పట్టుకుపోయాడు. పక్కనున్న జిరాక్స్ షాపావిడ నామీద జాలిపడి రోజూ టీ పంపిస్తోంది. నాన్న ఉన్న రోజుల్లో ఏ చెయ్యి ఏ బొమ్మదో తెలియనంత పని ఉండేది ఈ బల్ల మీద. ఇప్పుడు నా మోచేతులు తప్ప ఏమీ లేవు.

పరదాలు కుట్టే ఫ్యాక్టరీలో మనుషులు కావాలంటున్నారు. వేసవి అయ్యేదాకా చూసి, ఇలాగే ఉంటే తాళం వేసి అక్కడికి పోతాను. నాన్న నీకు చదువిచ్చాడు, నాకు సూది ఇచ్చాడు. సూది ఎక్కడైనా సూదే అనుకుంటాను గానీ, పొద్దస్తమానం పరదాల అంచులు కుట్టడం తలుచుకుంటే ఇప్పటినుంచే చెయ్యి మొరాయిస్తోంది. ఈ షాపు పోతే నాకింకేం మిగలదే. అది నీకు చెప్పకుండా ఎవరికి చెప్పను?

ఇంక నీ జల్లెడ గుర్తు. జిరాక్స్ షాపావిడ తన ఫోన్లో చూపించింది. మాట ముందు జల్లెడ ముక్క అతికించి, మాటల మధ్య ఊపిరాడకుండా రాస్తే జనం వస్తారా? నాన్న ‘బొమ్మల ఆసుపత్రి’ అని ఒక్క బోర్డు రాయిస్తే ఊరంతా వచ్చింది. అయినా చెప్పు, వింటాను. గుడ్డి కన్నా మెల్ల నయం.

మీ అక్క


మార్చి 9

అక్కా,

ముందు తిట్లు. పక్కావిడ టీ మీద బతుకుతున్నానని ఇంత తాపీగా రాస్తావా? ఫ్యాక్టరీ ఊసు ఇంకోసారి ఎత్తావంటే వచ్చి ఆ తాళంచెవి కాలవలో పారేస్తాను.

అది జల్లెడ కాదు, హ్యాష్‌ట్యాగ్. చెవులు రిక్కించి విను. కూరగాయల బజారు గేటు దగ్గర నిలబడి ‘బొమ్మలు బాగుచేస్తాం’ అని అరిచావనుకో, ఎవరికి వినపడుతుంది? అక్కడ అందరూ అరుస్తూనే ఉంటారు. #బొమ్మలు అని పెట్టడం అలాంటిదే. అదే దర్జీలు కూర్చునే సందులో నెమ్మదిగా చెప్పినా చాలు, అక్కడికొచ్చేవాడు కుట్టించుకోడానికే వస్తాడు. #పాతబొమ్మలబాగు అలాంటి సందు. ఇంకా దగ్గరికొస్తే మన వీధి పేరుతో ఒక ట్యాగ్. అది నడిచి రాగలిగినవాళ్ళ కోసం. పెద్దది ఒకటి, సందువి రెండో మూడో, వీధిది ఒకటి, మనకి మాత్రమే సొంతమైనది ఒకటి. అంతే. ముప్ఫై కుక్కితే జనం మొహం తిప్పుకుంటారు. ఎక్కువమంది చూస్తున్నారు కదాని మనకి సంబంధం లేని ట్యాగ్ తగిలిస్తే, పిలవని విందులో విస్తరి ముందు కూర్చున్నట్టు ఉంటుంది. మా ప్రకటనల ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేను రోజూ చెప్పే పాఠం ఇదే, నీకు ఉచితం.

మన సొంత ట్యాగ్ దొరికింది: #బొమ్మబతికింది. ఆసుపత్రి కదా మరి! మా మేనేజరు విని కుర్చీలోంచి లేచాడు. ఆయన అంత తేలిగ్గా లేచే మనిషి కాదు.

జనం ఆగి చూసేది దేనికో తెలుసా? ‘ముందు, తర్వాత’ ఫొటోలకి. పక్కపక్కన రెండు: మురికిగా చిరిగి ఉన్నది, మెరిసిపోతూ ఉన్నది. ఆ తేడా ఎంత కొట్టొచ్చినట్టు కనపడితే అంత మంచిది. ఈ నెల మూడో వారంలో రెండు రోజులు సెలవు పెట్టి వస్తున్నాను. కెమెరా, లైట్లు అన్నీ నావే. నువ్వు మూతి బిగించుకోకుండా కూర్చుంటే చాలు. నాన్న షాపుని మూతపడనివ్వనక్కా.

నీ గడుగ్గాయి


మార్చి 28

చెల్లీ,

నువ్వొచ్చి వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. షాపు మాత్రం సంత అయింది. నా సూదులపెట్టె ఎక్కడ పెట్టావో ఇంతవరకూ దొరకలేదు. బల్ల మీద తెల్లదుప్పటి పరిచి, ఆ గొడుగులాంటి లైట్లు పెట్టి, నన్ను పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి నవ్వమన్నావే, ఆ ఫొటో చూసి జిరాక్స్ షాపావిడ ‘మీకు పళ్ళు కూడా ఉన్నాయా’ అంది. చెప్పులు కుట్టేవాడికీ నాకూ తేడా లేదనుకున్నాను ఇన్నాళ్ళూ. నన్ను చూసి కూడా జనం వస్తారని తెలియదు.

వస్తున్నారే! నిన్న మెడ వేలాడిపోయిన జిరాఫీతో ఒక జంట ఊరి అవతలినుంచి బస్సెక్కి వచ్చారు. ‘మీ ట్యాగ్ చూసి వచ్చామండీ’ అంటే గబగబా మంచినీళ్ళిచ్చాను. బల్ల నిండిపోయింది. ఒప్పుకుంటున్నాను, నీ జల్లెడలో ఏదో ఉంది. రెండు రోజుల్నుంచి ఫ్యాక్టరీ మాటే గుర్తు రాలేదు.

అరల్లో ఉన్నవన్నీ నీ ఇష్టమొచ్చినట్టు పెట్టుకో, నన్ను అడగక్కర్లేదని నువ్విక్కడున్నప్పుడు అన్నాను. నీ బస్సు హడావుడిలో ఒక్కటి చెప్పడం మర్చిపోయాను. పై అరలో కాగితం సంచిలో ఒక తెల్లకుందేలు ఉంది. దాన్ని మాత్రం ఎక్కడా పెట్టకు. అది మన వీధి చివర కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఆవిడది. ఆవిడ కూతురు పోయిన ఏడాది జ్వరంతో పోయింది. ఐదేళ్ళ పిల్ల. ఆ కుందేలు చెవి నోట్లో పెట్టుకుంటే తప్ప నిద్రపోయేది కాదట. చెవి కుట్టు విడిపోతోందని తెచ్చింది. ‘కుట్టండి చాలు, తడి తగలనివ్వకండి. ఇంకా మా పాప వాసన ఉంది’ అంది. ‘ఇంట్లో ఇంక ఎక్కడా లేదు, బట్టల్లో కూడా పోయింది’ అని కూడా అంది. ఆవిడ ఎదురుగానే ఎర్రదారం కట్టాను. నువ్వు రాకముందే చెవి కుట్టేసి సంచిలో పెట్టేశాను. శనివారం వచ్చి తీసుకెళ్తుంది.

మిగతావన్నీ నీవే. ఆ మొసలి ఫొటో బాగా వచ్చిందన్నావు, ముందు అది పెట్టు. సూదులపెట్టె ఎక్కడుందో వెంటనే రాయి.

మీ అక్క


మార్చి 29

అక్కో!

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

మొన్న పెట్టిన పోస్టుని లక్షమంది చూశారు! మా ఆఫీసులో డబ్బు పోసి చేయించినవి కూడా ఇంతదూరం పోలేదు. మేనేజరు తన ఫోన్ పట్టుకుని నా బల్ల దగ్గరికి తనే నడిచి వచ్చాడు. ఏ పోస్టో చెప్పుకో చూద్దాం. కుందేలు! పై అరలో సంచిలో పెట్టేసి మర్చిపోయావే, అది.

నువ్వు దూది తేవడానికి పొద్దున్నే బజారుకెళ్ళి సాయంత్రానికి గానీ రాలేదే, ఆ రోజు అరలన్నీ వెతుకుతుంటే దొరికింది. ముందు ఫొటోకి ఇంతకన్నా మంచిది ఉండదనుకున్నాను. గోధుమరంగుకి తిరిగిపోయి, చెవి అట్టకట్టి, అబ్బ! కాలికి ఎర్రదారం చూసి ఆగాను. ఎర్రదారం కడితే ఉతకకూడదని నాకు తెలీదా, నేనూ ఆ బల్ల కింద ఆడుకున్నదాన్నే. రంగు దిగే బొమ్మలకి నాన్న అది కట్టేవాడు. కానీ తెల్లకుందేలుకి దిగే రంగెక్కడిది? ఒక మూల తడిపి కూడా చూశాను. పని మీద పని పడి నువ్వు పొరపాటున కట్టావనుకున్నాను. సబ్బునీళ్ళలో నానబెట్టి, చెవి దగ్గర బ్రష్షుతో రుద్ది, ఫ్యాన్ కింద ఆరబెట్టాను. పాలమీగడలా తేలింది. దారం ఫొటోలో బాగుండదని కత్తిరించేశాను. నువ్వొచ్చేలోపు మళ్ళీ సంచిలో పెట్టేశాను, నువ్వు చూసి ఆశ్చర్యపోవాలని. ఎవరిదో గానీ వాళ్ళు గుర్తుపట్టలేరు!

ట్యాగులు నేను నీకు చెప్పినట్టే పెట్టాను, పెద్దది, సందువి, వీధిది, చివర #బొమ్మబతికింది. కామెంట్లకి విడివిడిగా జవాబు రాసే తీరిక లేక, ఎవరేం రాసినా పేజీ తనంతట తనే జవాబిచ్చేలా అమర్చాను. ‘మన ట్యాగ్‌తో మీ బొమ్మ ఫొటో పెట్టండి, ఒకరికి ఉచితంగా బాగుచేస్తాం’ అని. జనం ఎగబడుతున్నారు.

వచ్చే నెల నన్ను టీముకి పెద్దని చేస్తారంటున్నారు. అంతా నీ కుందేలు చలవ.

సూదులపెట్టె టీ గ్లాసుల వెనక ఉంది.

నీ గడుగ్గాయి


ఏప్రిల్ 2

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. ఆవిడ శనివారమే వచ్చి వెళ్ళింది.

నేను సంచి తెరిచి కూడా చూసుకోలేదు. కుట్టేశాను కదా అని అలాగే చేతికిచ్చాను. ఆవిడ అక్కడే నిలబడి తీసింది. ముందు అది తనది కాదనుకుంది. ‘పొరపాటున వేరేవాళ్ళది ఇచ్చారండీ’ అని నవ్వుతూ అంది. నేను చెవి చూశాను, నా కుట్టే. నా మొహం చూసి ఆవిడకి అర్థమైంది. కుందేలుని ముక్కు దగ్గర పెట్టుకుంది. చెవి, పొట్ట, మళ్ళీ చెవి. అరిచి ఉంటే బాగుండేది. నన్ను కొట్టి ఉంటే ఇంకా బాగుండేది. ‘సబ్బు’ అంది. ఆ ఒక్కమాటే.

ఎలా జరిగిందో నాకు అప్పుడు తెలియదు. దొంగలాగా నిలబడ్డాను. ఎవరు ఉతికారని ఆవిడ అడిగితే తెలియదన్నాను. నా షాపు, నా అర, నా సంచి, తెలియదన్నాను! ఆవిడ నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది?

సోమవారం నీ ఉత్తరం చదివాక తెలిసింది. పాలమీగడలా తేలిందా? చెవి దగ్గర బ్రష్షుతో రుద్దావా? ఆ పిల్ల నోట్లో పెట్టుకున్న చెవి అదే.

ఎర్రదారం రంగు దిగే బొమ్మలకి కూడా కడతాం. నిజమే. ఇలాంటివాటికీ కడతాం. కారణం ఏదైనా, కట్టి ఉంటే ఉతకకూడదు. ఎందుకని వెతుక్కోవడం మన పని కాదు. తెలిసీతెలియని తెలివికన్నా ఏమీ తెలియకపోవడం మేలు.

ఆ ఫొటో తీసెయ్. ఈ ఉత్తరం చదివిన క్షణంలో తీసెయ్. ఫోన్లో చెప్పబోతే నా మాట సగంలోనే నీ జవాబు వచ్చేస్తుంది, అందుకే రాస్తున్నాను. పిల్ల పోయిన తల్లి బొమ్మకి ‘బొమ్మబతికింది’ అని రాశావు నువ్వు. ఆవిడ చూస్తే ఏమైపోతుంది?

అక్క


ఏప్రిల్ 6

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. బాత్రూంలోకి వెళ్ళి కూర్చున్నాను. నాకు తెలియదక్కా. నీ 28వ తేదీ ఉత్తరం నాకు అందేసరికే పోస్టు పెట్టేసి రోజులైంది. అరల్లో ఉన్నవన్నీ నీ ఇష్టమని నువ్వే అన్నావు. ఇది తప్పించుకోడానికి అనట్లేదు, ఉన్నమాట అంటున్నాను. వాసన కోసం కూడా ఎర్రదారం కడతారని నాన్న నాకెప్పుడూ చెప్పలేదు. నీకు చెప్పాడేమో. మీరిద్దరూ ఆ బల్ల దగ్గర ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకేం తెలుసు? నన్ను ఎప్పుడూ ‘పోయి చదువుకో’ అనే తరిమేవాళ్ళు.

ఆవిడ ‘సబ్బు’ అన్న చోట ఉత్తరం మడిచేసి మళ్ళీ తెరిచాను. కానీ ఒక మాట విను. పోస్టులో ఆవిడ పేరు లేదు, పిల్ల పేరు లేదు. లోకంలో ఎన్ని తెల్లకుందేళ్ళు లేవు? మంగళవారం పెద్ద క్లయింట్లతో మీటింగు ఉంది, మేనేజరు ఆ పోస్టే తెరమీద చూపిస్తానన్నాడు. అది అయిన వెంటనే తీసేస్తాను. మూడు రోజుల్లో కొత్తగా కొంపలేం మునగవు. నీ షాపుకి వస్తున్న పనంతా దాని వల్లే, అదీ మర్చిపోకు.

ఆవిడకి నా తరఫున సారీ చెప్పు.

గడుగ్గాయి


ఏప్రిల్ 11

చెల్లెమ్మగారికి,

మీ మీటింగు బాగా జరిగిందనుకుంటాను.

మంగళవారం నాడు, మీరు తెరమీద చూపిస్తున్న వేళకే కాబోలు, జిరాక్స్ షాపావిడ తన ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఫోను నా చేతికిచ్చి బయటికెళ్ళి నిలబడింది.

ఆ పిల్ల తల్లి నీ పోస్టు చూసింది. ఎవరికి తెలుస్తుందన్నావే, ఆవిడకే తెలిసింది. వీధి పేరుతో ట్యాగ్ పెడితే నడిచి రాగలిగినవాళ్ళు చూస్తారని నువ్వే కదా పాఠం చెప్పావు? ఆవిడా ఈ వీధి మనిషే. కింద రాసింది, నేను అక్షరం మార్చకుండా రాస్తున్నాను, నువ్వు చదవలేదు కాబట్టి: ‘ఇది మా పాప కుందేలు. తడి తగలనివ్వొద్దని చెప్పాను. దయచేసి తీసేయండి.’

దాని కింద మన షాపు పేరుతో జవాబు: ‘ధన్యవాదాలు! #బొమ్మబతికింది ట్యాగ్‌తో మీ బొమ్మ ఫొటో పెట్టండి, ఉచితంగా బాగుచేయించుకునే అవకాశం పొందండి!’ పక్కన ఒక పువ్వు.

నాన్న పేరు మీదున్న షాపు ఆ తల్లికి ఆ మాట చెప్పింది. ఆ జవాబు చూసి ఇద్దరు ముగ్గురు నవ్వే బొమ్మలు కూడా పెట్టారు, ఆవిడ ఏదో వేళాకోళమాడుతోందనుకుని.

నేను కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాను. సెలవులో ఉందన్నారు. ఇంటికి వెళ్ళాను. ఆవిడ భర్త తలుపు సగం తీసి, నన్ను గుర్తుపట్టి, మర్యాదగానే మూసేశాడు. అరగంట మెట్ల మీద కూర్చుని తిరిగొచ్చాను.

నీ తరఫున సారీ చెప్పమన్నావు. నా సారీయే పుచ్చుకునేవాళ్ళు లేరు, నీది ఎక్కడ పెట్టను?

ఇట్లు,
బొమ్మల ఆసుపత్రి


ఏప్రిల్ 15

అక్కా,

నన్ను ‘గారు’ అనకు. తిట్టు, కొట్టు, అది మాత్రం అనకు.

మీటింగు అయ్యాక కూడా తీయలేదు, నీ ఉత్తరం చదివాకే పోస్టు తీసేశాను, ఆ జవాబులు ఆపేశాను. ఆవిడ రాసింది నేను నిజంగా చూడలేదు. వేల కామెంట్లలో ఒకటి. చూడకపోవడం కన్నా పాపం లేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఊరుకోలేదక్కా. తీసేస్తే సరిపోదనిపించింది. తప్పు నలుగురిలో జరిగినప్పుడు క్షమాపణ కూడా నలుగురిలోనే చెప్పాలి కదా. కూర్చుని మనసులో ఉన్నదంతా రాశాను. మా వీధి చివర కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఒక తల్లి, పోయిన కూతురు, ఎర్రదారం, నేను చేసిన పని, ఏదీ దాచలేదు. మొదటి పోస్టు చూసినవాళ్ళందరికీ ఇదీ చేరాలని అవే ట్యాగులు పెట్టాను. నువ్వు నమ్మవు, మొదటిదానికన్నా ఎక్కువమంది చదివారు. చదివినవాళ్ళు ఏడ్చామని రాస్తున్నారు. ఆ తల్లికి మా దండాలు చెప్పమంటున్నారు. ఎక్కడుంటారు, చూసి రావచ్చా అని అడుగుతున్నారు. లోకంలో మంచివాళ్ళు ఇంతమంది ఉన్నారని నాకు తెలియదు.

మేనేజరు కూడా పిలిచి, ‘తప్పు ఒప్పుకోవడం ఎలాగో దీన్ని చూసి నేర్చుకోవాలి’ అన్నాడు. అది విని నాకు సంతోషం కలగలేదని రాస్తే అబద్ధం అవుతుంది. కొంచెం కలిగింది.

ఆవిడ చదివే ఉంటుంది. ఏమైనా అందా? ఒక్క ముక్క రాయి.

నీ చెల్లి


ఏప్రిల్ 22

చెల్లీ,

అడిగావు కాబట్టి రాస్తున్నాను.

నీ మంచివాళ్ళు వచ్చారు. వీధి పేరు నువ్విచ్చావు, కళ్ళజోళ్ళ షాపు సంగతి నువ్విచ్చావు, ఇంక ఇల్లు కనుక్కోవడం ఎంత పని? ఈ వీధిలో ఉన్నది ఒకటే కళ్ళజోళ్ళ షాపు. మొదట ఎవరో ఒక కొత్త కుందేలు తెచ్చి ఆవిడ గుమ్మంలో పెట్టి వెళ్ళారు. దాన్ని ఫొటో తీసి, నీ ట్యాగ్ తగిలించి, అందరికీ చూపించారు. ఇంకేముంది, మర్నాటికి మెట్ల నిండా కుందేళ్ళు. తెల్లవి, గులాబీవి, మనిషంత పెద్దది ఒకటి. కొన్నింటికి కాలికి ఎర్రదారం కట్టి ఉందే! మన షాపు దారం ముచ్చటైపోయింది వాళ్ళకి. బయట నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్ళు, తలుపు కొట్టి ‘అమ్మా, ఒక్కసారి కౌగిలించుకోనివ్వండి’ అనేవాళ్ళు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసుకోనివ్వలేదు. కళ్ళు పరీక్ష చేయించుకుంటానని వచ్చి ఆవిడ మొహంలోకి చూస్తూ ఏడ్చారట.

నిన్న ఆవిడ భర్త వచ్చాడు. గోనెసంచుల్లో అవన్నీ వేసుకుని రిక్షాలో తెచ్చాడు. నా బల్ల పక్కన దింపి, ‘ఇవి మీవి’ అన్నాడు. కూర్చోమన్నాను, కూర్చోలేదు. నా చెల్లెలు క్షమాపణ రాసిందండీ, చూశారా అని అడిగాను. ఎందుకడిగానో! నీ కోసమే అడిగాను.

ఆయన చాలా నెమ్మదస్తుడు. చేతులు దులుపుకుని ఇలా అన్నాడు: ‘చూశామండీ. బస్సులో మా పక్కన కూర్చున్నావిడ కూడా చూసింది, మా ఆవిడకే చూపించి, పాపం కదా అంది. మా పాప పోయిన సంగతి మా పాలవాడికి కూడా ఇప్పుడే తెలిసింది. అందరికీ అందింది మీ చెల్లెలి క్షమాపణ. మాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.’

అడుసు తొక్కింది చాలక, కాలు కడుక్కోడానికి వాళ్ళ మంచినీళ్ళ కుండే వాడావు నువ్వు.

అక్క


ఏప్రిల్ 26

అక్కా,

ఇందులో ఇంకో కవరు ఉంది. అంటించాను, నువ్వు తెరవకు. ఆవిడకివ్వు. ఎన్నిసార్లు చింపానో. ఎవరో ఒకరు చదివి మెచ్చుకోవాలన్నట్టే వచ్చేది ప్రతి వాక్యమూ. చివరికి నాలుగు ముక్కలే రాశాను. ఆవిడ పేరు కూడా నాకు తెలియదని కవరు మీద రాయబోయినప్పుడు తెలిసింది. పేరు రాసి ఇవ్వు.

తలుపు తీస్తానంటే నేనే వస్తాను. కెమెరా తేను, ఫోను కూడా తేను. ఎంతసేపు నిలబెట్టినా నిలబడతాను.

టీముకి పెద్దని చేశారు. వద్దని చెబుదామని వెళ్ళి, థాంక్స్ చెప్పి వచ్చాను. నీకు దాచకూడదని రాస్తున్నాను.

నీ చెల్లి


మే 3

చెల్లీ,

నీ కవరు తిప్పి పంపుతున్నాను. తెరవలేదు.

నీ ఉత్తరం అందిన రోజే పట్టుకెళ్ళాను. ఇంటికి తాళం. పక్కింటాయన బట్టలు ఆరేస్తూ, వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారని చెప్పాడు. ఎక్కడికని అడిగితే, ‘ఎవరికీ తెలియకూడదన్నారండీ, అందుకని మాక్కూడా చెప్పలేదు’ అన్నాడు. కళ్ళజోళ్ళ షాపులో కూడా మానేసింది. ఫోన్ నంబరు మార్చేశారు. మర్నాడు మళ్ళీ వెళ్తే ఇంటి యజమాని సున్నం వేయిస్తున్నాడు, తలుపు తీసి ఉంది, లోపలికి తొంగి చూశాను. గోడ మీద కింది వైపు, నా మోకాలెత్తున, రంగు పెన్సిలు గీతలు ఉన్నాయి. సగం గోడకి అప్పటికే సున్నం పడింది. పనివాడు నన్ను చూసి ‘ఏం కావాలండీ’ అన్నాడు. ఏం లేదని వచ్చేశాను. ఆ పిల్ల తిరిగిన ఇల్లు కూడా వాళ్ళకి లేకుండా చేశాం మనం. నువ్వని అనట్లేదు, మనం అంటున్నాను. ఆ సంచి నేను తెరిచి చూసి ఇచ్చి ఉంటే, కనీసం ఆవిడకి నా నోటితో నేనే చెప్పుకునేదాన్ని.

షాపు నిండుగా ఉంది. నీ మాట నెగ్గింది. పొద్దున్నే నేను వచ్చేసరికే వరుసలో నిలబడుతున్నారు. ‘ఆ కుందేలు షాపు ఇదేనా’ అని అడుగుతారు. ఒకావిడ గోనెసంచుల పక్కన నిలబడి ఫొటో తీసుకుంటానంది. తరిమేశాను. తరిమానని కూడా ఎక్కడో రాసే ఉంటుంది. ఇందులోకి అడుగుపెట్టబుద్ధి కావట్లేదు. అయినా పెడుతున్నాను. అరల్లో ఉన్నవి పిల్లల బొమ్మలు, ఒప్పుకున్న పని, కుట్టి ఇవ్వాలి. ఫ్యాక్టరీకి వెళ్ళక్కర్లేదని ఒకప్పుడైతే నీకు ఫోన్ చేసి గెంతేదాన్ని.

పేజీ మూసెయ్. మళ్ళీ చెప్పించుకోకు.

ఒకటే ఉంది ఇంక. నువ్వు ఫోన్ చేస్తావని నాకు తెలుసు. చెయ్యకు. చేస్తే ఎత్తుతాను. నీ గొంతు వింటే రెండు నిమిషాలు కూడా బిగబట్టుకోలేను, క్షమించేస్తాను, అన్నం తిన్నావా అని అడుగుతాను. ఆవిడ కన్నా ముందు నేను క్షమించకూడదు. ఆవిడ ఎక్కడుందో తెలియదు.

మీ అక్క